చివర అంటించే ముక్క

తెల్లారి ఏడయ్యేసరికి ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు మొదలవుతుంది, దాంతోపాటే అక్క సణుగుడూను. నెల రోజులుగా ఆ సణుగుడికి కారణం సొంత చెల్లెలే. అక్క కూతురి బడిలోనే బొమ్మలు నేర్పే టీచరుగా చేరి, వీళ్ళింట్లోనే ఉంటోంది. అప్పట్నుంచి ఆరేళ్ళ పిల్లకి లేస్తే పిన్ని, కూర్చుంటే పిన్ని.

ఆ పొద్దున బల్లమీద కూతురు ముక్కలు అంటించి చేస్తున్న కొలాజ్ బొమ్మ కనిపించింది. బడిలో మొదలుపెట్టి ఇంటికి తెచ్చుకుంది. పేరు 'మా ఇల్లు'. పాత పత్రికల కాగితాలతో గోడలు, గళ్ళచొక్కా ముక్కతో నాన్న, పసుపు రుమాలు ముక్కతో పిన్ని. నల్లకాగితంతో కుట్టుమిషను కూడా ఉంది. దాని ముందు కుర్చీ మాత్రం ఖాళీ.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. అది అసూయేనని తనకీ తెలుసు, కానీ తెలిసినంత మాత్రాన తగ్గే జబ్బు కాదది. గోటితో అంచు లేపి పిన్ని బొమ్మని పెరికేసింది.

గుమ్మంలో కూతురు, వెనకే చెల్లెలు.

"నా ఇంటికొచ్చి నా పిల్లనే లాక్కున్నావు. నాకిందులో చోటే లేదా?" అంది అక్క.

చెల్లెలు గొంతు పెంచలేదు. "పైన కనపడాల్సిన ముక్క చివర అంటించాలని క్లాసులో చెప్పానక్కా. ముందే అంటిస్తే మిగతావాటి కింద దాగిపోతుంది. నీ ముక్క కోసమే ఆగింది పిల్ల."

పిల్ల పెన్సిలు డబ్బా తెరిచింది. అందులో కాగితంతో కత్తిరించిన అమ్మ ఆకారం ఉంది. దర్జీ కూతురు కదా, ముందు నమూనా తీసుకుంది.

"నాలుగు రోజుల్నుంచి నీ గుడ్డ అడుగుతున్నానమ్మా. ముక్కల సంచిలోంచి తీసుకుని పొమ్మన్నావు. అవన్నీ ఊళ్ళోవాళ్ళ గుడ్డలు."

నిజమే. మిషను మీంచి తల కూడా ఎత్తకుండా తను అన్న మాట అది. అక్క కళ్ళు నిండిపోయాయి. కుట్టుపనప్పుడు వేసుకునే నీలం కోటు జేబుని, సుద్దమరకలతో సహా కత్తిరించి కూతురి చేతిలో పెట్టింది.

"ముందు పిన్నిని అంటించు. నువ్వు చివరే రావాలి," అంది పిల్ల.

అక్క పసుపు ముక్కకి తన వేలితోనే జిగురు రాసింది.

"ఇక్కడేనా?" అని చెల్లెల్ని అడిగింది, తలెత్తకుండా.

"నన్ను నీ కుర్చీ పక్కకి కొంచెం జరుపక్కా."

జరిపింది.