బొట్టు పెట్టించుకున్న సర్వర్

దసరా నాడు శనగపిండి ఫాఫ్డా, జిలేబీ తినకపోతే సూరత్‌లో పండుగ వచ్చినట్టే కాదు. ఆ ఊరి భేస్తాన్ పేటలో ఏళ్ల తరబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుకుంటున్న తెలంగాణ కుటుంబాలకూ ఈ అలవాటు అంటుకుంది. ఇంట్లో పూర్ణాలు వండుకుంటారు, అయినా పొద్దున్నే మిఠాయి దుకాణం ముందు వరుసలో నిలబడతారు. ఆ రోజు వరుస వీధి మలుపు దాకా ఉంది. ఎప్పుడో వెళ్లిపోవలసిన వాన ఇంకా ఊరిని వదల్లేక, ఉండుండి నాలుగు చినుకులు రాలుస్తోంది.

ఓంప్రకాష్ ఆ వరుసలో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద ‘వినోద’ అన్న పేరు చూడగానే అతని ముఖం వెలిగింది. వెంటనే జుట్టు సర్దుకున్నాడు. ఫోన్‌లో మాట్లాడటానికి జుట్టు ఎందుకు సర్దుకోవాలో అతనికే తెలియాలి.

“మార్కండేయ హోస్టింగ్. సపోర్ట్ నుంచి సంపత్‌ను మాట్లాడుతున్న. చెప్పున్రి మేడమ్.”

“సంపత్ భాయ్, నా సైట్ తెరుసుకుంటలేదు! పదకొండుకు సేల్ మొదలు. ఏంది గిట్ల జేస్తున్నరు?”

“జర ఆగున్రి మేడమ్, ఐదు నిమిషాల్ల చూస్తా...”

“మీరు చూసింది సాలు. మీ మేనేజర్‌ను పిలువున్రి.”

అతను ఫోన్ మీద అరచెయ్యి పెట్టి, మనసులో ఐదు లెక్కపెట్టి, గడ్డాన్ని ఛాతీకి ఆనించి గొంతు బరువు చేశాడు.

“నమస్కారం. మేనేజర్ చలపతిని మాట్లాడుతున్నాను. మీకు కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నామండీ. మా సాంకేతిక బృందం మొత్తం ఆ పని మీదే ఉంది.”

“మొత్తం బృందమా? ఎంతమంది సార్?”

“ఏడుగురండీ.”

“ఎక్కడున్నరు సార్ వాళ్లు?”

“కంట్రోల్ రూమ్‌లో.”

“అట్లనా?” ఈసారి మాట ఫోన్‌లోంచీ వచ్చింది, వీపు వెనక నుంచీ వచ్చింది. “మరి ఆ ఏడుగురికి సరిపోను జిలేబీ తీసుకోండ్రి మేనేజర్ సార్. అరకిలో ఏం సాలుతది?”

ఓంప్రకాష్ వెనక్కి తిరిగాడు. ముగ్గురి అవతల ఆకుపచ్చ చుడీదార్‌లో ఒక అమ్మాయి ఫోన్ ఇంకా చెవికే ఆనించుకుని నిలబడి ఉంది. కళ్లలో కోపం ఎంత ఉందో, నవ్వూ అంతే ఉంది. రెంటిలో ఏది ముందు బయటపడుతుందో చెప్పడం కష్టంగా ఉంది.

మధ్యలో ఉన్న గుజరాతీ పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “భాయ్, ఆగళ్ వధో నే!” అని అతన్ని ముందుకు నెట్టాడు.

ఓంప్రకాష్ ముందుకు కదల్లేదు. వరుసలోంచే బయటికి వచ్చేశాడు.

*

మార్కండేయ హోస్టింగ్‌లో ఉన్నది ఒక్కడే మనిషి. డిప్లొమా చదివి, కొన్నాళ్లు కంప్యూటర్ షాపులో పనిచేసి, రెండేళ్ల క్రితం ఒక పెద్ద పాత సర్వర్ కొని ఇంట్లో ముందుగది మూలన పెట్టుకున్నాడు. కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీలు, ఒకటి పోతే మరొకటి అన్నట్టు రెండు ఇంటర్నెట్ లైన్లు. పదకొండు మంది తమ ఆన్‌లైన్ దుకాణాలను ఆ పెట్టెలో ఉంచారు. అద్దె గదులున్న ఇల్లు లాంటిదే అది. తేడా ఒక్కటే. ఆ ఇంటి తలుపులు ఎప్పుడూ మూయకూడదు.

ఇంట్లో ఒక్కడు కూర్చుని నడిపే పని అంటే ఎవరు నమ్మి దుకాణం ఇస్తారు? అందుకే సంపత్ పుట్టాడు. సంపత్ మాట వినని వాళ్ల కోసం టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడే చలపతి పుట్టాడు. అబద్ధం తప్పని ఓంప్రకాష్‌కు తెలుసు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు ఆ ఇద్దరి తరపున కూడా లెంపలు వేసుకునేవాడు.

వినోద రెండు నెలల క్రితం చేరింది. కనిపించింది లేదు, అంతా ఫోన్‌లోనే. కానీ ఆ గొంతు వినని రోజున అతనికి అన్నం సహించడం మానేసింది. బట్టల మార్కెట్లో చేస్తున్న ఉద్యోగం వదిలేసి, దాచుకున్నదంతా పెట్టి రెండు వందల చీరలు కొన్నదని, దసరా నాడు పదకొండు గంటలకు దుకాణం తెరుస్తానని వందల మందికి చెప్పిందని అతనికి తెలుసు. వాళ్ల నాన్న సోమలింగం మిల్లులో పెద్ద పనివాడు. “దసరా దాక చూద్దాం. నడవకుంటే మల్ల నౌకరీకి పో” అన్నాడట. అది కూడా తెలుసు. సంపత్‌కు ఆమె అన్నీ చెప్పుకునేది మరి.

ఇప్పుడు సమయం పదింబావు కావస్తోంది.

“పద,” అంది వినోద, స్కూటీ తాళం తిప్పుతూ. ‘మీరు’ పోయి ‘నువ్వు’ ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. “నీ కంట్రోల్ రూమ్ చూపియ్యి.”

*

ఆ రోజు వీధిలో సాంచెల చప్పుడు లేదు. రోజూ టకటకలాడే గల్లీ అంత నిశ్శబ్దంగా ఉంటే ఎవరో ఊపిరి బిగబట్టినట్టు ఉంది. ప్రతి గుమ్మానికీ బంతిపూల తోరణం.

ఓంప్రకాష్ తల్లి సారక్క తలుపు దగ్గరే ఎదురొచ్చింది. కొడుకు వెనక అమ్మాయిని చూసి ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

“ఎవలు బిడ్డా? దా, కూసో. నువ్వు జిలేబీ తేవాల్నని పోయి గీమెను తెస్తివేందిరా?”

ఓంప్రకాష్ చూపంతా మూలన ఉంది.

సర్వర్ తళతళ మెరుస్తోంది. ఒళ్లంతా తుడిచి, పసుపు రాసి, ఐదు కుంకుమ బొట్లు పెట్టారు. మెడ లేకపోయినా మెడలో వేసినట్టే బంతిపూల దండ. అటొక నిమ్మ చెక్క, ఇటొక నిమ్మ చెక్క. బ్యాటరీల పెట్టెలోంచి పీకిన ప్లగ్గుకు పసుపు దారం. లోపల ఒక్క లైటూ వెలగడం లేదు.

“అమ్మా! దీన్ని ఎవలు బంద్ జేసిన్రు?”

“నేనే జేసిన. ఇయ్యాల దసరా. సాంచెలు బంద్. మీ బాపు మిల్లుల పూజకు పోయిండు, ఆడ మిషిన్లన్ని బంద్. రెండేండ్ల సంది ఇది ఒక్కటే రాత్రి లేదు పగలు లేదు, గుయ్యిమంటనే ఉంది. పాపం, దానికి ఒక్క దినమన్న సెలవు లేదా?”

ఆమె మాటలో తప్పెక్కడుందో చెప్పడం కష్టం. అన్నం పెట్టే పనిముట్టును ఏడాదికొకసారి కడిగి, బొట్టు పెట్టి, ఒక పూట ఊరుకోనివ్వడం పెద్దలు నేర్పిన మర్యాదే కదా. కానీ పనిముట్టు కడుపులో పదకొండు మంది దుకాణాలు ఉంటే ఆ మర్యాద ఎలా చెయ్యాలి? అలాంటి పనిముట్టును పెద్దలు చూడలేదు, కనుక చెప్పలేదు. దేవుడైతే చూస్తూనే ఉన్నాడు. కానీ ఆయన కూడా ఏమీ చెప్పడు.

“మల్ల ఎప్పుడు పెడతవమ్మా?”

“రేపు పొద్దుగాల. తానం జేసి.”

ఓంప్రకాష్ వినోద చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. “నువ్వు అమ్మను జర వంటింట్లకు తీసుకపో. నేను ప్లగ్గు పెట్టేస్తా.”

వినోద అతన్ని ఎగాదిగా చూసింది. “పూజ జేసినదాన్ని దొంగతనంగ ముడుతవా? నీకు అబద్ధాలు ఇంకా సరిపోలేదా?”

అని, చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద నూనెలో పూర్ణాలు ఎగురుతున్నాయి. పొయ్యికి కూడా మూడు బొట్లు ఉన్నాయి.

“అత్తమ్మా, పొయ్యికి గూడ పూజ జేసినవా?”

“చెయ్యనా మరి? అది లేకుంటే బువ్వేడిది?”

“మరి దానికి సెలవు ఇయ్యలే?”

సారక్క జల్లిగరిటె పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. “పండుగ పూట పొయ్యి ఆర్పుతరా బిడ్డా? తినేటోళ్లు ఉన్నరు గదా.”

“నా దుకాణం గా పెట్టెల ఉందత్తమ్మా. ఇయ్యాల్నే తెరుస్తున్న. చీరలు కొనేటోళ్లు తలుపు కాడికొచ్చి నిలవడ్డరు. నా దుకాణంల దీపం పెట్టాల్నా వద్దా, నువ్వే చెప్పు.”

సారక్క చాలాసేపు ఆలోచించింది. ఆలోచనలో ఒక పూర్ణం మాడింది. తర్వాత మంట తగ్గించి, చేతులు కడుక్కుని, కొబ్బరికాయ తీసుకుని ముందుగదిలోకి వచ్చింది.

“ముందుగాల నాకు చెప్పద్దారా గాడిదా, దీంట్ల గింతమంది బతుకుతున్నరని! నేను నీ ఆటసామాను అనుకున్న.” కాయ కొట్టి వినోద వైపు తిరిగింది. “వాడు కాదు. కొత్త దుకాణం నీది. నువ్వే పెట్టు.”

వినోద పసుపు దారం విప్పి, కళ్లకద్దుకుని ప్లగ్గు పెట్టింది. సర్వర్ ఒకసారి దగ్గి, గుయ్యిమంది.

*

గుయ్యిమంది కానీ సైట్ రాలేదు. హఠాత్తుగా కరెంటు పీకితే అలాంటి పెట్టెలు లేవగానే పని చెయ్యవు. ఏమైనా పోయిందేమోనని తమను తాము వెతుక్కుంటాయి. తెర మీద అంకెలు నెమ్మదిగా పాకుతున్నాయి. నూటికి పన్నెండు. పదమూడు. సమయం పది నలభై.

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. సారక్క ఒక పళ్లెంలోనే పూర్ణాలు పెట్టి పోయింది. ఇంట్లో పళ్లేలకు కరువేమీ లేదు.

“గంతమంది మనుషులున్నరని ఎందుకు చెప్పినవ్?” అంది వినోద.

“ఒక్కన్నే అంటే నువ్వు చేరుతుంటివా?”

“చేరకపోతుంటి.” ఒక పూర్ణం అందుకుంది. “గా చలపతి అయితే నాకు అస్సలు నచ్చలే. సంపత్ మంచోడు.”

“నాకు గూడ చలపతి నచ్చడు.” ఓంప్రకాష్ ధైర్యం చేసుకున్నాడు. “ఒకటి అడగాల్నా? రెండు నెలల్ల నువ్వు నలభై మూడు కంప్లైంట్లు రాయించినవ్. సైట్ స్లో ఉందని, మెయిల్ వస్తలేదని. నేను రికార్డంతా చూసిన. నీ సైట్ ఒక్కపారి గూడ ఆగలే.”

వినోద నోట్లోకి పోతున్న పూర్ణం దారిలో ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

“మరి ప్రతిపారి ‘రిపేర్ అయింది మేడమ్’ అన్నవ్ గదా?”

“ఏం కాలేదంటే మల్ల చెయ్యవేమోనని.”

వంటింట్లోంచి సారక్క గొంతు: “నీళ్లు కావాల్నా బిడ్డా?”

“వద్దు!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పది యాభై రెండుకు వెతుకులాట ముగిసింది. వినోద ఫోన్‌లో ఆమె దుకాణం తెరుచుకుంది. ఆమె కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. తర్వాత కళ్లు తెరిచి అడిగింది. “మిగిలిన పదిమందికి ఏం చెప్తవ్?”

ఓంప్రకాష్ అప్పటికే టైపు చేస్తున్నాడు. ‘సాంకేతిక కారణాల వల్ల...’

“చలపతిని పక్కకు జరగమను,” అంది వినోద మెల్లగా. నవ్వు లేదు. “ఉన్నది ఉన్నట్టు రాయి. లేకుంటే రేపే నేను వేరే కంపెనీకి పోతా. సైట్ బందయిందని కాదు. నీ మాట ఏది నిజమో రోజూ లెక్కపెట్టుకోలేను.”

అతని వేళ్లు ఆగిపోయాయి. నిజం రాస్తే పదిమందీ పోవచ్చు. రాయకపోతే ఒక్కతే పోతుంది. విచిత్రం, ఆ ఒక్కతే ఎక్కువ బరువుగా తోచింది.

రాసింది చెరిపేసి, హిందీలో మళ్లీ రాశాడు. ‘ఈ కంపెనీలో నేను ఒక్కణ్ణే. సర్వర్ మా ఇంట్లో ఉంది. పండుగని మా అమ్మ దానికి పూజ చేసి ఆపింది. ఆమెకు ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇక మీదట ఫోన్ నేనే ఎత్తుతాను. నా పేరు ఓంప్రకాష్.’

పంపి, ఉరిశిక్ష విన్నవాడిలా కూర్చున్నాడు.

కిమ్ అనే ఊళ్లో సామాన్ల వ్యాపారి ఒకాయన వెంటనే జవాబిచ్చాడు, ఈ నెలాఖరుకు మారిపోతానని. ఓంప్రకాష్ తల ఇంకా కిందికి దిగింది. తర్వాత ఒక చీరల వ్యాపారి: ‘జై మాతాజీ! పూజలో మా దుకాణం కూడా ఉన్నట్టేనా? అయితే ప్రసాదం పంపు.’ ఇంకొకాయన: ‘వచ్చే ఏడాది ఒకరోజు ముందు చెప్పు, మేమూ వస్తాం.’ మిగిలిన వాళ్లు ఏమీ అనలేదు. అంటే ఉన్నట్టే.

పదకొండయింది. సేల్ మొదలైంది. ఒక్క ఆర్డరూ రాలేదు. పదకొండు నాలుగు. లేదు. వినోద దుపట్టా కొసను వేలికి చుట్టి విప్పి చుట్టింది. వంటింటి పని వదిలేసి సారక్క కూడా వచ్చి, చదవడం రాకపోయినా, తెరకేసి చూస్తూ నిలబడింది.

పదకొండు ఆరుకు ఫోన్ ‘టింగ్’మంది. ఇచ్ఛాపూర్ నుంచి ఎవరో ఆవాలపువ్వు రంగు చీర కొన్నారు.

“వచ్చింది!” అని అరిచిన వినోద, ఎవరిని పట్టుకుందో చూసుకోకుండా ఓంప్రకాష్ చెయ్యి పట్టుకుంది. చూసుకున్నాక కూడా వెంటనే వదల్లేదు.

సాయంత్రానికి సగం చీరలు అయిపోయాయి.

*

పొద్దు వాలుతుండగా మైదానంలో మనవాళ్లంతా చేరారు. జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి, ఒకరినొకరు గుండెలకు హత్తుకుంటున్నారు. ఓంప్రకాష్ సోమలింగం దగ్గరికి వెళ్లి, జమ్మి ఇచ్చాడు. సోమలింగం అతన్ని గట్టిగా అలాయ్ చేసుకున్నాడు, కానీ వెంటనే వదల్లేదు. భుజం పట్టుకుని ముఖంలోకి చూశాడు.

“మా పిల్ల దుకాణం మీ ఇంట్ల ఉందట?”

“ఉంది కాకా.”

“ఇయ్యాల మంచిగ నడిచిందట. ఇగ నౌకరీకి పొమ్మని నేనన.” మీసం సవరించుకుని సారక్క వైపు తిరిగాడు. “గని అక్కా, దుకాణమేమో మీ ఇంట్ల. పిల్లేమో మా ఇంట్ల. రేపటిసంది దుకాణం కాడికని మీ ఇంటికి వచ్చుడు, పోవుడు, మల్ల వచ్చుడు, పోవుడు. గిదంత తిప్పలు గాదా?”

“బాపూ!” అంది వినోద.

సారక్క తొణకలేదు, బెణకలేదు. కొంగు నడుముకు బిగించింది.

“తిప్పలేముందన్నా? పోవుడు ఒక్కటి తీసేద్దాం.”

సోమలింగం గట్టిగా నవ్వాడు. చుట్టుపక్కల నలుగురు తిరిగి చూశారు. వినోద ఎవరి ముఖమూ చూడకుండా వంగి, సారక్క అరచేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కింది. సారక్క రెండు చేతులూ ఆమె తల మీద ఉంచింది.

పైకి లేస్తూ మాత్రం వినోద, ఎవరికీ కనిపించకుండా, ఓంప్రకాష్ కాలు ఒక్క తొక్కు తొక్కింది. అంతమందిలో అంత వెడల్పుగా నవ్వుతున్నందుకు.