వాటం లోపలికున్న ఇల్లు

ఇంట్ల తెల్ల టైల్స్ మాత్రం ఏపిచ్చుకోకుండ్రి. ఏపిచ్చుకుంటే ఇంక మీ ఖర్మ. వెంట్రుక పడ్డా కనబడ్తది, చాయ చుక్క పడ్డా కనబడ్తది. వానల తడిసొచ్చిన మనిషి అడుగైతే ఊరందరికీ కనబడ్తది. మెదక్‌ల ఖిల్లా దిక్కు పోయే తొవ్వల మా ఇల్లు. మా అత్తమ్మ వజ్రమ్మ దగ్గరుండి కట్టిచ్చుకున్నది. ముందటి అర్ర, లోపలి అర్ర, వంటిల్లు, అన్నిట్ల తెల్లయే.

టైల్స్‌ను ఎట్ల చూసుకోవాలెనో ఆమె దగ్గరనే నేర్చుకోవాలె. ఉత్త నీళ్లతోని ఒకసారి, ఫినాయిల్ నీళ్లతోని ఒకసారి, పొడిగుడ్డతోని ఇంకొకసారి. టైల్స్ నడుమ సందులల్ల పాత టూత్ బ్రష్ పెట్టి తోమాలె. యాసిడ్ పోస్తే మెరుపు పోతదని ముట్టనియ్యకపోయేది. కట్టె మాపు తెచ్చుకుంట అంటే, "నిలబడి తుడిస్తే మూలలు పోతయా? మోకాళ్లేసి తుడువు" అనేది. నేను తుడుస్తుంటే వెనుక నిలబడి చూసేది. "గా మూలకు పోలే వినీలా" అనేది. పెండ్లై వచ్చిన కాంచి తుడిసీ తుడిసీ నా మోకాళ్లు కాయలు కాసినయి. నా బిడ్డ రిషితను మాత్రం ఈ నేల మీద మోకాళ్లు ఆననియ్యనని ఒట్టు పెట్టుకున్న. అప్పటికే అత్తమ్మ పిల్ల చేతికి చిన్న గుడ్డ ఇచ్చి, "ఆడపిల్లవు, నేర్చుకో" అంటుండె. నేనా గుడ్డను గుంజి పారేసిన రోజు ఇంట్ల పెద్ద లొల్లి అయింది.

గీ ఎండకాలం అత్తమ్మ పోయింది. నాకు ఏడుపు రాలే. ఎందుకు అబద్ధం చెప్పాలె?

శవం గడప దాటినంక ఇల్లంత కడగాలె గదా. మొగోళ్లందరు వెంట పోయిండ్రు. అత్తమ్మ చెల్లె, మా చిన్నత్తమ్మ, టేక్మాల్ నుంచి వచ్చింది. అరుగు మీద కూసోని చెప్పింది. "నీళ్లు పీనుగ పోయిన దారినే పోవాలె బిడ్డా. గడప దాటిచ్చు. లోపలికి మర్లనియ్యకు."

"లోపలికే మర్లుతయి చిన్నత్తమ్మా" అన్న.

నిజం గదా! మా ఇంటి నేల వాటం లోపలికి. మురికినీళ్లు వాకిట్లకొస్తే బజారోళ్లు ఏమనుకుంటరని అత్తమ్మనే మేస్త్రీతోని కొట్లాడింది. నీళ్లన్ని లోపలి అర్రల నుంచి బాత్రూం తూము జాలికి పోయేటట్టు వాటం పెట్టిచ్చింది. పరువు మనిషి మరి. కడిగితే లోపలి అర్రనే మునుగుతది, అందుకే ఇన్నేండ్లు మా ఇంట్ల తుడుసుడే గని కడుగుడు లేదు.

బకెట్లకు బకెట్లు పోసిన. చీపురుతోని గడప దిక్కు తోసిన. తోసినన్ని నీళ్లు తోసినట్టే వెనుకకొచ్చినయి. చేతులు పడిపోయినయి. పోతే పోనీ, గీ నేలకు నేను చేసిన చాకిరి చాలు అని చీపురు పారేసిన. నీళ్లు లోపలి అర్రలకు పోయినయి. అక్కడ మంచం మీద కూసున్న రిషిత కాళ్లు కిందికి పెట్టింది.

"అమ్మా, నీళ్లు ఎచ్చగున్నయి" అన్నది.

బోరు నీళ్లు అవి. నా చేతులకు సల్లగ తాకినయి.

దినాలైనయి. నేను బజార్ల కట్టె మాపు కొనుక్కొచ్చిన. ఫినాయిల్ తెచ్చుడు బంద్ పెట్టిన. ఆ వాసనంటేనే నాకు పడది. నిలబడి, టీవీ చూసుకుంట, నా ఇష్టమున్నట్టు తుడిసిన. మారాణి లెక్క! ఎన్ని రోజులు? మాపు ఆరకముందే ఇంట్ల ఫినాయిల్ వాసన మొదలైంది. నేను తుడిసిన చోటనే మల్ల తడి. ఒక్క మూలన్న ఇడువకుంట, గోడ అంచు పట్టుకొని సన్నటి తడి గీత. సచ్చినంక గూడ నా పని మీద నమ్మకం లేకపాయె ఆమెకు!

మా ఆయన శశిధర్‌కు చెప్పిన.

"ఇల్లు అద్దం లెక్కున్నది. అమ్మ ఉన్నప్పటి లెక్కనే ఉన్నది. ఇంకెందుకు పరేషాన్?" అన్నడు. శివ్వంపేటకు డ్యూటీకి పోయిండు.

ఆ రోజు పొద్దుగూకంగ మబ్బులు పట్టినయి. కరెంటు పోయింది. నేను వంటింట్ల బియ్యం కడుగుతున్న. కిటికీల నుంచి వాన వాసన రావాలె. ఫినాయిల్ వాసన వచ్చింది, ముక్కు మండేటట్టు. లోపలి అర్రల నుంచి సప్పుడు... తడిగుడ్డ నేల మీద గుంజుతున్న సప్పుడు. సర్ర్... ఆగింది. సర్ర్... మల్ల ఆగింది. ఎవరో గుడ్డను బకెట్ల ముంచి పిండుతున్నరు. చుక్కలు పడుతున్నయి.

ఆ సప్పుడు నాకు తెలుసు. ఇన్నేండ్లు అది నేను చేసిన సప్పుడే.

"రిషితా..." మెల్లగ పిలిచిన.

సర్ర్... మల్ల అదే సప్పుడు.

సెల్ లైటు ఏసుకొని పోయిన. మంచం మీద పిల్ల లేదు. వంగి మంచం కిందికి లైటు పట్టిన. నా బిడ్డ... మోకాళ్ల మీద... చేతుల తడిగుడ్డ.

"బయటికి రా బిడ్డా..."

"ష్... నానమ్మ చూస్తున్నది." తల ఎత్తలే. "మూలకు పోలేదంట."

చెయ్యి పట్టి గుంజిన. రాలే. బక్క పిల్ల... ఎంత గుంజినా కదలలే. అప్పుడు తెలిసింది నాకు. నా వెనుక ఎవరో నిలబడ్డరు. ఊపిరి లేదు, అడుగు సప్పుడు లేదు... ఊకె నిలబడి చూస్తున్నరు. మెడ తిప్పేటందుకు ధైర్యం రాలే.

"అత్తమ్మా" అన్న. "నేను తుడుస్త... పిల్లను ఇడిచిపెట్టు."

సప్పుడు బంద్ అయింది.

చీకట్ల నుంచి తడిగుడ్డ వచ్చి నా కాళ్ల కాడ పడ్డది.

మోకాళ్లేసిన. ఇంకేం చేయాలె? తల్లిని.

అప్పటినుంచి మల్ల నేనే. కిరాయి ఇంటికి పోదాం పా అంటే శశిధర్ కోపానికొచ్చిండు. "సొంతిల్లు ఇడిచా? పిచ్చి లేసిందా నీకు?" అన్నడు. పిల్లను ఎల్దుర్తిల మా తల్లిగారింటికి తోలిచ్చిన. వాళ్లది నాపరాళ్ల నేల. తెల్లారి ఆ నేల అంత తడిగుండి, మా అమ్మ కాలు జారి పడి నడుము ఇరగ్గొట్టుకున్నది. పిల్లను వాపస్ తెచ్చుకున్న. నేను తుడిసినంత కాలం పిల్ల సుఖంగ పండుకుంటది, అది చాలు అనుకున్న. నా బతుకే గంత అనుకొని తుడిసిన.

నిన్న పొద్దుగాల జడ ఏద్దామని పిల్లను ముందట కూసోబెట్టుకున్న. చేతులు చూసిన. అరచేతులు నీళ్లల్ల నాని, తెల్లగ ముడుతలు పడి ఉన్నయి. గోర్లల్ల టైల్స్ సందులల్ల పెట్టే తెల్ల సిమెంటు.

"రోజు నేను తుడుస్తున్న గదనే... నువ్వెక్కడ తుడిసినవ్?"

లోపలి అర్ర గోడ దిక్కు ఏలు చూపిచ్చింది. "గా ఎనుక అర్రల."

ఆ గోడ ఎనుక అర్ర లేదు. ఖాళీ ప్లాటు, తుమ్మచెట్లు.

"నానమ్మ నీ వెనుక నిలబడి చూస్తదా?" అని అడిగిన.

పిల్ల తల అడ్డంగ ఊపి, నా చెవి కాడికొచ్చింది.

"నానమ్మ గూడ మోకాళ్ల మీదనే ఉన్నదమ్మా... నిలబడి చూసేటామె వేరే."