దానంతటదే వెళ్లే ఫోటో

"అయితే రేపటి నుంచి మీరు రానక్కర్లేదన్నమాట," అంది ఆమె, కెమెరా లెన్స్ తుడుస్తూ.

వాళ్ల నాన్నగారి ఫోటో స్టూడియోకి వెబ్‌సైట్ చూసే మనిషిని నేను. తీసిన ఫోటోలు వెనక గదిలోని పాత సర్వర్‌లో చేరతాయి. సైటు మాత్రం వేరే చోట, కొత్త సర్వర్‌లో ఉంటుంది. ఇన్నాళ్లూ రోజూ వచ్చి, ఇక్కడి ఫోటోలు అక్కడికి నా చేత్తో ఎక్కించేవాణ్ణి. ఆ రోజు ఒక ప్రోగ్రాం రాసి పెట్టాను. ఫోల్డర్‌లో ఫోటో వేస్తే చాలు, దానంతటదే కొత్త సర్వర్‌లోకి వెళ్లి సైటులో కనిపిస్తుంది.

"నిక్షేపంగా పని చేస్తుంది. ఇక నాతో పనే లేదు," అన్నాను గొప్పగా.

"సంతోషం," అంది. ఆ సంతోషం మొహంలో ఎక్కడా లేదు.

బయట వాన. గొడుగు ఇస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఇవ్వలేదు. తడుస్తూ పోతుంటే అప్పుడు వెలిగింది బుర్రలో. ఆమెను చూడందే నాకు రోజు గడవదు. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "మీ ప్రోగ్రాం పడకేసింది. ఒక్క ఫోటో కూడా వెళ్లడం లేదు."

పరుగున వెళ్లాను. చూస్తే సర్వర్ వెనక నెట్ కేబుల్ ఊడి ఉంది. పెట్టగానే ఆగిన ఫోటోలన్నీ వెళ్లిపోయాయి. ఆ మర్నాడు మళ్లీ అదే ఫోన్, మళ్లీ అదే కేబుల్.

"ఎలుకలేమో," అంది అమాయకంగా.

"క్లిప్పు నొక్కి పట్టి లాగితే గానీ ఇది ఊడదండీ. అంత తెలివైన ఎలుక ఈ స్టూడియోలో ఒక్కటే ఉంది."

ఆమె తల దించుకోలేదు. "అవును, నేనే పీకాను. రేపు కూడా పీకుతాను. మీరు రాకుండా ఫోటోలు వెళ్లే ఏర్పాటు మీరు చేశారు. మీరు వచ్చే ఏర్పాటు నేను చేసుకోవద్దా?"

నేను ఆ కేబుల్ మళ్లీ పెట్టేశాను. ఆమె వైపు తిరిగి తిన్నగానే చెప్పేశాను. "మీరంటే నాకిష్టం. కేబుల్ పీకక్కర్లేదు, పిలవండి చాలు."

"పిలవకపోతే?"

"అప్పుడూ వస్తాను."

ఆమె నవ్వి నా పక్కకు జరిగింది. కెమెరా చేయి చాచి పట్టుకుని ఇద్దరికీ కలిపి ఒక ఫోటో తీసింది. తీసుకెళ్లి ఆ ఫోల్డర్‌లోనే వేసింది.

"అయ్యో, అది సైటుకి వెళ్లిపోతుంది. ముందు గదిలో మీ నాన్నగారు ఆ సైటే చూస్తూ కూర్చున్నారు," అన్నాను కంగారుగా.

"తెలుసు. నాన్నకి ఎలా చెప్పాలా అని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. మీ ప్రోగ్రాం ఇప్పుడు పనికొచ్చింది." కేబుల్ గట్టిగా ఉందో లేదో ఒకసారి నొక్కి మరీ చూసుకుంది.

ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. ఆయన గుమ్మంలోకి వచ్చారు. నన్ను ఎగాదిగా చూశారు.

"ఈ ఫోటో ఎవరు పెట్టారు?"

"నేనే నాన్నా. ఇష్టపడే పెట్టాను."

ఆయన కూతురి మొహంలోకి చాలాసేపు చూశారు.

"స్టూడియో పరువు తీశావు కదే," అన్నారు చివరికి. "అబ్బాయి మొహం మీద వెలుగే పడలేదు. ఇద్దరూ అలా లైట్ల కిందికి రండి, నేను తీస్తాను. సైటులో అదే ఉండాలి."