కథలో లేని గుర్రం

"గుర్రం సచ్చిపోయినకాడ మస్తు ఏడ్సినం బిడ్డా," అంది పార్వతీబాయి, కొంతం చౌక్‌లో కూరగాయల సంచీతో ఎదురుపడి. "ఇంత మంచిగ రాస్తవని ఎన్నడు చెప్పకపోతివి."

అంబాదాస్ నమస్కారం పెట్టాడు. మెచ్చుకున్నవాళ్లకు రచయిత నమస్కారం పెట్టాలని అతనికి తెలుసు. ఆమె నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. అతని నవలలో గుర్రం లేదు.

ఇది 1988 నాటి మాట. ఆ మరాఠీ ఊళ్లో, అశోక్ చౌక్ దగ్గరి కారఖానాలో పగలంతా టవాళ్లు నేసే అంబాదాస్, తెల్లవారుజామున లేచి మాంత్రికుల కథలు రాసేవాడు. ఆ విద్య పొట్లాల వల్ల అబ్బింది. చిన్నప్పుడు సిరిసిల్ల చుట్టాలు తెచ్చే మురుకులు పాత తెలుగు పత్రికల కాగితాల్లో చుట్టి ఉండేవి. ఒక కాగితం మీద రాక్షసుడు కత్తి ఎత్తేవాడు. ఆ కత్తి దిగే కాగితం ఎవరింటికి ఏ పొట్లమై పోయిందో దేవుడికే తెలియాలి. మిగతా కథ అంబాదాసే అల్లుకునేవాడు.

ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి ఆ అల్లిక 'ఇనుపకోట రాకుమారి' అనే నవల అయింది. అచ్చు వేస్తామని ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి, పెండ్లి పత్రికలు వేసే ప్రెస్సులో సొంతంగా మూడు వందల కాపీలు వేయించాడు. అట్టకు ప్రెస్సాయన దగ్గరున్న బొమ్మ బ్లాకు ఒక్కటే, ఏదో సర్కస్ వాళ్లు మరిచిపోయిన గుర్రం. గుర్రం వల్ల ఏ కథా చెడిపోదని ఆయన ధైర్యం చెప్పాడు.

ఏడాది పాటు కాపీలు మంచం కింద ప్రశాంతంగా ఉన్నాయి. నెల రోజులుగా మాత్రం బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంటికొచ్చి అడిగి మరీ తీసుకుపోతున్నారు. వాళ్లలో దాదాపు ఎవరికీ చదువు రాదు. కీర్తికి అలాంటి పట్టింపులు ఉండవనుకున్నాడు అంబాదాస్.

మరునాడు మధ్యాహ్నం పార్వతీబాయి వాకిట్లోకి పోయి గోడ పక్కన నిలబడ్డాడు. పదిమంది ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒకరు కథ చదువుతారు. చదివే మనిషి బీడీలు చుట్టక్కర్లేదు, మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి ఆమె లెక్క నింపుతారు.

చదువుతున్నది నర్సమ్మ కూతురు ద్రౌపది. ఆమె గొంతులో మాంత్రికుడు దగ్గుతున్నాడు. చచ్చిన గుర్రం లేచి సకిలిస్తోంది. రాకుమారి కోట తాళాన్ని జడపిన్నుతో తిప్పుతోంది. అంబాదాస్ కూడా ఊపిరి బిగబట్టాడు. తర్వాత పుస్తకం వైపు చూశాడు. తెరిచి ఉన్నది తప్పొప్పుల పట్టిక.

సాయంత్రం నల్లా దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"ఆ గుర్రం ఏ పేజీల ఉన్నది?"

"అట్ట మీద ఉన్నది గద."

"లోపల లేదు."

"లోపల ఏమున్నదో నాకేమెర్క? నేను మరాఠీ శాళల చదివిన. తెలుగు అక్షరాలు రావు."

బిందె నిండి పొర్లింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"మరి ఎందుకు కూసున్నవ్ చదువనీకె?"

"చదువుకున్న పిల్లవు, చదువు అని చేతుల పెట్టిన్రు. రాదంటే ఇజ్జత్ పోతది. ఒక్క రోజే గద అనుకున్న. నువ్వేమో ఇంత లావు రాస్తివి." గొంతు తగ్గించింది. "చెప్తవా అందరికి? నెల దినాలు నా లెక్క నింపిన్రు వాళ్లు. మోసం జేసిందంటరు."

అంబాదాస్‌కు కోపం రావలసిన సమయం. వచ్చింది కూడా. కాని దానికంటే ముందు ఇంకోటి తెలుసుకోవాలి.

"కోట తాళం తెరుసుకున్నదా?"

"రేపు తెరుసుకుంటది," అంది ద్రౌపది. "నువ్వు గూడ రా, రైటర్ సాబ్."

రెండో భాగం ఎప్పుడని ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. అంబాదాస్‌కున్న పాఠకులు వాళ్లే. వాళ్లకు కావలసింది ద్రౌపది కథ. కాబట్టి ఆమె చెప్పాలని, అతను రాసుకోవాలని, బదులుగా అక్షరాలు నేర్పాలని మాటైంది. ఏదైనా గడప దగ్గర, పదిమంది కండ్ల ముందేనని నర్సమ్మ షరతు పెట్టింది.

"నా రాకుమారి ఏడేండ్లు రాజకుమారుని కోసం ఎదురుసూస్తది," అన్నాడు అంబాదాస్.

"ఏడేండ్లా? ఇంట్ల పనేం లేదా ఆమెకు?"

"ప్రేమ."

"పని జేసుకుంట గూడ ప్రేమ జేయొచ్చు. మేము బీడీలు చుట్టుకుంటనే ఏడుస్తలేమా?"

ఏడేండ్లు కొట్టేసి మూడేండ్లు చేశాడు. ఆమె చూసిన చూపుకు మూడు రోజులకు దిగాడు.

'వ' నేర్పే రోజు వాన పడింది. గడపలో జల్లు కొడుతుంటే ఆమె పలకను కొంగుతో కప్పుకుని, తాను తడుస్తూ కూర్చుంది. అంబాదాస్ ప్రేమలో పడ్డాడు. ఆ సందులో అందరికంటే ఆలస్యంగా ఆ సంగతి తెలిసింది అతనికే.

"ఐతారం భివండి నుంచి పిల్లగాడు నన్ను సూడనీకె వస్తుండు," అంది ఒకరోజు, పలక మీంచి తల ఎత్తకుండా.

రాజకుమారుల నోట పేజీలకొద్దీ మాటలు పలికించిన అంబాదాస్, "మంచిది," అన్నాడు.

బలపం పుటుక్కున విరిగింది. "అవు. మంచిదే," అంది ద్రౌపది.

ఐతారం ఇంకో రోజుందనగా, శనివారం మధ్యాహ్నం, అచ్చుకు పోయే ముందు, రెండో భాగం నోటుబుక్కు వాకిట్లోకి వచ్చింది. ఈసారి నిజంగానే చదువుతానని ద్రౌపది పట్టుబట్టింది. ఉత్తగా లెక్క నింపించుకోవడం ఇక ఆమెకు ఇష్టం లేదు. కథ ఎడ్లబండిలా నడిచింది.

"ఏందే, పానం బాగలేదా?" అంది పార్వతీబాయి.

"చేతిరాత పెద్దమ్మా, జర ఆగు."

కథ అయిపోయాక కింద అంబాదాస్ ఆమెకోసమే మూడు వరుసలు రాశాడు. చూసి మనసులో చదువుకుంటుందని అతని ఆశ. కొత్తగా అక్షరాలు వచ్చినవాళ్లకు మనసులో చదవడం రాదు, పైకి అంటేనే అర్థమవుతుంది. ఇది మాస్టరుకు తట్టలేదు.

"ద్రౌ... పదీ... భి... వం... డి... పిల్లగానికి... ఒప్పు... కోకు. నిన్ను... నేను... చేసు... కుంట. చెప్ప... నీకె... నోరు... రాలే."

ఆకు కత్తిరించే కత్తెరలన్నీ ఆగిపోయాయి. గోడ పక్కన నిలబడి వింటున్న అంబాదాస్‌కు పారిపోవాలనిపించింది.

"ఇది గూడ కథనేనా?" అంది పార్వతీబాయి.

"కాదు," అంది ద్రౌపది. ముఖం ఎర్రబడింది.

నర్సమ్మ చాట పక్కన పెట్టి అంబాదాస్‌ను కిందికీ మీదికీ చూసింది. "టవాళ్లు నేస్తవు, కథలు రాస్తవు. రెండిట్ల ఏది సక్కగ జేస్తవు?"

"టవాళ్లు," అన్నాడు.

"నిజం జెప్పెటోడే. భివండోళ్లకు రావద్దని కబురు పంపుత. గని ముందు నా బిడ్డ ఏమంటదో ఇననీయి."

ద్రౌపది ఒక పేజీ తిప్పింది. నోటుబుక్కులో అదే చివరిది, తెల్లగా ఖాళీగా ఉంది. దాని మీద వేలు పెట్టి, ఒక్కచోట కూడా తడబడకుండా చదివింది.

"'నాకు గూడ నువ్వే కావాలె. ఆ మాట ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే అని నా కోపం. చేసుకుంట గని, అట్ట మీద ఇద్దరి పేర్లు ఉండాలె. నాది ముందు.' అట్ల అన్నది రాకుమారి."

పార్వతీబాయి మెడ చాచి చూసింది. ఆమెకు చదువు రాకపోయినా తెల్ల కాగితం తెలుసు. "ఏం అంబాదాస్, నిజంగ అట్లనే రాసినవా?"

ఒక్క కామా మార్చాడని ప్రెస్సాయనతో మూడు రోజులు మాట్లాడని మనిషి అతను. కాగితం వైపు చూశాడు. ద్రౌపది వైపు చూశాడు.

"ఒక్క అక్షరం గూడ తప్పు పోలే పెద్దమ్మా," అన్నాడు.