మియాద్ దాటిన పాస్‌పోర్ట్

డ్రాఫ్ట్స్‌మన్ దశరథాన్ని చంపినవాళ్లు తుపాకీ వాడలేదు. కృష్ణా నది మీద కడుతున్న ఆనకట్ట పక్కన, రాళ్ల గుట్ట మీంచి తోసేశారు. పొద్దున్నే కూలీలు శవాన్ని చూసేసరికి, అతని జేబులో ఉండాల్సిన ఆఫీసు తాళంచెవి లేదు.

"గేట్ల డ్రాయింగులన్నీ ఫోటో తీశారు," అన్నాడు చీఫ్ రామచంద్రం. మహబూబ్‌నగర్‌లో ఒక లాడ్జి గది. ఫ్యాన్ తిరగడం లేదు. "మందుగుండు ఎక్కడ పెడితే కట్ట తెగుతుందో చెప్పే డ్రాయింగులవి. ఆ ఫిల్మ్ దేశం దాటిందా, దిగువనున్న ఊళ్లు మిగలవు."

ఎదురుగా ఏజెంట్ ఇస్రాయేలు మోకాలు నొక్కుకుంటున్నాడు. మోత్కూర్ నుంచి పటాలానికి, అక్కణ్నుంచి సీక్రెట్ సర్వీసుకు వచ్చి, సగం జీవితం పరాయి పేర్లతో బతికినవాడు.

"ఎవని పని సార్?"

"క్రామర్. అమ్రాబాద్ అడవిలో పులుల ఫోటోలు తీస్తున్నానని చెప్పుకునే ఆ విదేశీయుడే. వాడి సెక్రటరీ శ్యామల నీకు తెలిసిన డబుల్ ఏజెంటే. మన మనిషే. ఫిల్మ్ ఆమె చేతికిచ్చి పంపుతున్నాడు. మధ్యాహ్నం బండికి హైదరాబాద్, అక్కణ్నుంచి బొంబాయి, రేపు బీరూట్ విమానం. నువ్వు స్టేషన్‌లో ఫిల్మ్ మార్చేయి. మనవాళ్లంతా బొంబాయిలో కాపు కాస్తున్నారు."

"మరి క్రామర్?"

"నెలాఖరు దాకా అడవిలోనే ఉంటాడట. తీరిగ్గా పట్టుకుందాం."

"ఇదే ఆఖరుది సార్."

"పోయినసారీ ఇదే అన్నావు," అన్నాడు చీఫ్.

ఏప్రిల్ ఎండకు ప్లాట్‌ఫారం కాలుతోంది. ఇస్రాయేలు తలకు తువ్వాలు, పెట్టుడు మీసం, భుజాన గోలీసోడాల డబ్బా. స్టేషన్‌లో రెండు బండ్లు క్రాసింగ్ కోసం ఆగి ఉన్నాయి. ఒకటి హైదరాబాద్‌కు, ఇంకోటి కర్నూలు మీదుగా దక్షిణానికి.

వెయిటింగ్ రూంలో ఒక్కతే కూర్చుని ఉంది శ్యామల. నల్ల గాగుల్స్, పోచంపల్లి పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్.

"సోడా చల్లగుంటదా?"

"అమ్రాబాద్ వాగు లెక్క ఉంటదమ్మా."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. అందులోని ఇంగ్లీషు డాబు కూడా తగ్గిపోయింది.

"ఇస్రాయేలన్నా, నీ మీసం ఊడుతాంది."

"ఊడనీ సుక్కమ్మా. నేనే ఊడిపోయేటట్టున్న. ఫిల్మ్ తియ్యి."

సుక్కమ్మ ఆమె అసలు పేరు. ఆ పేరుతో పిలిచేవాడు సర్వీసులో అతనొక్కడే. ఆమె లిప్‌స్టిక్ గొట్టం అందించింది. ఫిల్మ్ దాని అడుగున ఉంటుంది.

"పాస్‌పోర్ట్ గూడ ఇయ్యి."

"దాన్నేం జేస్తవు?"

"బొంబాయిల ముందుగాల అడిగేది దాన్నే గద."

విసుగ్గానే పేజీలు తిప్పాడు. ఫోటో, పేరు, ముద్రలు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది.

"గిది నీ చేతికి ఎప్పుడిచ్చిండు?"

"పొద్దున జీపెక్కేటప్పుడు. గిన్ని దినాలు ఆయన పెట్టెలనే ఉండె."

"తీసి చూసుకున్నవా?"

"ఫోటో చూసుకున్న. బాగనే వచ్చిందనుకున్న."

"దీని మియాద్ ఫిబ్రవరితోనే అయిపోయింది. మనం ఏప్రిల్ల ఉన్నం."

ఆమె గాగుల్స్ తీసింది. "మర్చిపోయిండేమో అన్నా."

"క్రామర్ మర్చిపోతడా? పండుకునే ముందు తలుపు గడియ రెండుసార్లు చూసుకునేటోడని నువ్వే చెప్పినవు."

లిప్‌స్టిక్ గొట్టం విప్పి, కడిగిన ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పట్టాడు. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

"నా సంగతి ఆయనకు ఎరుకైంది." అంది సుక్కమ్మ. "నిన్న తన చేతులతోనే చాయ్ పోసిచ్చిండన్నా. నవ్వుకుంట."

"బొంబాయిల నిన్ను ఆపుతరు. మనోళ్లంత నీ చుట్టూ పరేషాన్ అయితరు. గా లోపల ఆయన అసలు ఫిల్మ్ పట్టుకొని ఇంకో దిక్కుకెల్లి దేశం దాటుతడు."

ఇంకో దిక్కు అంటే మద్రాసు, అక్కణ్నుంచి ఓడ. బయట దక్షిణం బండి కూత వేసింది.

ఇస్రాయేలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి బండి పొడుగునా చూశాడు. ఆ ఎండకు ప్రతి కిటికీ తెరిచే ఉంది. గాలి కోసం జనం తలలు బయట పెట్టారు. ఫస్ట్ క్లాస్‌లో ఒక్క గదికి మాత్రం షట్టర్లు దించి ఉన్నాయి.

బండి కదిలింది. అతను పరుగెత్తాడు. మోకాలు కలుక్కుమంది. డబ్బాతో సహా ఎక్కి, ఆ గది తలుపు మీద కొట్టాడు.

"సోడా! చల్ల సోడా!"

"నో సోడా!" విదేశీ యాస. క్రామరే.

వెనకే చెప్పులు చేత పట్టుకుని సుక్కమ్మ ఎక్కేసింది. తీయటి ఇంగ్లీషులో పలికింది: "సర్, నేను శ్యామలను. నా పాస్‌పోర్ట్ చెల్లదట. ఏం చేయమంటారు?"

తలుపు కాస్త తెరుచుకుంది. ఆ సందులోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది. ఇస్రాయేలు డబ్బాను బలంగా తోశాడు. గుండు సీసాలకు తగిలి సోడా చిమ్మింది. క్రామర్ వెల్లకిలా పడ్డాడు. ఇస్రాయేలు అతని ఛాతీ మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ల నుంచో కూర్చోవాలని ఉన్నట్టుగా కూర్చున్నాడు.

సుక్కమ్మ చైన్ లాగింది. ఆఖరి పెట్టె ఇంకా ప్లాట్‌ఫారం దాటకముందే బండి ఆగింది. కెమెరా స్టాండు కాలులో ఫిల్మ్, కోటు జేబులో కొలంబో ఓడ టికెట్ దొరికాయి.

సాయంత్రం స్టేషన్‌మాస్టర్ గదిలో ట్రంక్ కాల్.

"శభాష్ ఇస్రాయేలూ!" అన్నాడు రామచంద్రం. "కొలంబోలో ఆ ఫిల్మ్ కోసం ఎదురుచూసేవాడే ముఠా నాయకుడు. క్రామర్ మనిషినని చెప్పి, దొంగ ఫిల్మ్‌తో ఆ ఓడ నువ్వెక్కు. నీ పాస్‌పోర్ట్ వ్యాలిడ్‌గానే ఉందిగా?"

ఇస్రాయేలు మోకాలు నొక్కుకున్నాడు.

"లేద్సార్," అని ఫోను పెట్టేశాడు.

సుక్కమ్మ దగ్గరికొచ్చింది. "నిజంగనే అయిపోయిందా అన్నా?"

అతను ఎదురు కుర్చీ మీదికి కాళ్లు చాపి, కళ్లు మూసుకున్నాడు.

"నాకేం ఎరుక సుక్కమ్మా. తీసి చూస్తే గద తెలిసేది. రేపు చూస్త."