మొల్లేటి లాకుల మూలుగు

మొల్లేటి కాలవ లాకుల వంతెన మీదుగా చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా బండి దాటించరు. తప్పనిసరై దాటించినా వెనక సీటు వైపు చూడరు.

చూస్తే ఏమవుతుందని అడక్కండి. చూసినవాళ్లు... ఇంతవరకూ సరిగ్గా చెప్పలేదు.

లాకులకి కాపలా ఉండే లస్కరు భార్య బంగారమ్మ, ఓ తుపాను ఏడాది పుట్టింటికని బయల్దేరి, బస్సు కోసం పరిగెత్తి, గట్టు జారి కాలవలో పడి చనిపోయిందిట. బస్సు ఆగలేదు. అప్పట్నుంచీ చీకట్లో ఏ బండి వచ్చినా ఎక్కేస్తుందిట. వంతెన ఎత్తులో ఎక్కి, అవతల మలుపులో దిగిపోతుంది. టికెట్ అడిగే ధైర్యం ఎవరికుంది?

అలాంటి దారిలోకి 2003లో ఆటోమేటిక్ కారు వచ్చింది.

రొయ్యల చెరువుల పల్లంరాజుగారు మద్రాసు నుంచి తెప్పించారు. ఊళ్లో జనం కారులోకి వంగి వంగి చూసి, "క్లచ్ ఏదండీ?" అని వెతుక్కుని వెళ్లారు. డ్రైవరు అబ్బులు. ఇరవై రెండేళ్లు లారీ తోలి, క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరగ్గొట్టుకున్నవాడు. ఇక ఏ ఓనరూ పనిలో పెట్టుకోని రోజుల్లో, దేవుడు పంపినట్టు క్లచ్ లేని బండి దొరికింది. ఇది పోతే లోకంలో అబ్బులు తోలగలిగే బండి ఇంకోటి లేదు.

మోకాలు పోయింది గానీ అలవాటు పోలేదు. గొయ్యి కనబడితే చాలు, ఎడమ కాలు దానంతటదే లేచి, క్లచ్ అనుకుని బ్రేకు మీద పడేది. కారు నిలువునా ఆగేది. వెనకున్న రాజుగారు ముందు సీటుని కావలించుకునేవారు.

"ఒరేయ్... నన్ను చంపుతావా ఏంటి?"

"అలవాటండి... పోద్దండి."

అన్నవరం వెళ్లి కారుకి పూజ చేయించుకొచ్చిన మర్నాడే వచ్చిపడింది అసలు తంటా. మునిమాపు వేళ, లాకుల వంతెన ఎత్తు ఎక్కుతుంటే...

"ఊఁ... ఊఁ... ఊఁ..."

ఇంజన్లోంచే. ఆడగొంతు. జ్వరం తగిలిన మనిషి మూలిగినట్టు. వంతెన దిగి మలుపు తిరిగాక ఆగిపోయింది.

అబ్బులు ఎవరికీ చెప్పకుండా ఓ తాయెత్తు తెచ్చి, బానెట్ ఎత్తి, ఇంజను పక్కన పైపుకి కట్టాడు. మూలుగు కాస్త పెరిగింది. రెండోది కట్టాడు. ఇంకాస్త పెరిగింది. నెల తిరిగేసరికి ఏడు తాయెత్తులయ్యాయి. బంగారమ్మ మూలగడం మాని పూర్తిగా ఏడుపు లంకించుకుంది.

రాజమండ్రిలో ఇద్దరు మెకానిక్కులు చూశారు. బానెట్ ఎత్తగానే కనబడిన తాళ్లకి దండం పెట్టుకుని, వాటి జోలికి పోకుండా మిగతా అంతా వెతికారు. కారుని చదునులో నిలబెట్టి స్టార్ట్ చేసి విన్నారు. ఏమీ లేదన్నారు. దేవుడి తాడు మీద స్పానరు పెట్టే మెకానిక్కు ఈ గోదారి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

"దెయ్యం లేదు, గాడిద గుడ్డూ లేదు!" అన్నారు రాజుగారు. "నీ తోలుడికి ఇంజను ఏడుస్తోంది. రేపు పొద్దున్నకి ఆ చప్పుడు పోవాలి. లేదా తాళాలిచ్చేసి పో."

దెయ్యం భయం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. అబ్బులు ఆ సాయంత్రమే కొవ్వూరు పరిగెత్తి, పడవ ఇంజన్లు బాగుచేసే చిట్టియ్యని వెంటబెట్టుకొచ్చాడు.

"చప్పుడు ఎక్కడొస్తే అక్కడే వినాలిరా," అన్నాడు చిట్టియ్య. దెయ్యం లేదని చూపిస్తానని రాజుగారు కూడా వెనక ఎక్కారు.

లాకుల దగ్గరికి చేరేసరికి ఎనిమిది. కరెంటు లేదు. లాకు తలుపుల కింద నించి నీళ్లు దూకుతున్న చప్పుడు తప్ప... ఏమీ లేదు.

"ఎత్తులో ఆపు," గొంతు తగ్గించి అన్నాడు చిట్టియ్య. "గేరు డ్రైవ్‌లోనే ఉంచు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, కాస్త యాక్సిలేటర్ ఇయ్యి."

బానెట్ ఎత్తాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించాడు.

"ఊఁఁఁ..."

"ఒరేయ్ అబ్బులూ..." వెనకనించి రాజుగారి గుసగుస. "వెనక... ఎవరూ లేరు కదరా?"

"మీరే ఉన్నారండి."

"దొరికింది! ఆపు!" అని అరిచాడు చిట్టియ్య.

ఇద్దరూ టార్చి పట్టుకుని దిగి వెళ్లారు. "ఎత్తు లాగేటప్పుడు ఇంజను ఇలా పక్కకి ఒరుగుద్దండి. ఒరిగినప్పుడు ఇవి బెల్టు చక్రానికి రాసుకుంటన్నాయి," అంటూ చిట్టియ్య తాళ్లన్నీ కోసి జేబురుమాలులో వేశాడు. రాగి తాయెత్తులు. రాజుగారు టార్చి అబ్బులు మొహం మీదికి తిప్పారు.

"నువ్వేనా?"

అబ్బులు తల దించుకున్నాడు. చెయ్యి దానంతటదే తాళాల కోసం జేబులోకి పోయింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి.

"ఆగండి," అన్నాడు చిట్టియ్య. "రాగివాటికి గీతైనా పడలేదండి. ఊరికే పైనించి తోశాయంతే. రాసుకున్నది ఇదిగో... అడుగున దాక్కునుంది."

బొటనవేలంత వెండి తాయెత్తు. ఒక పక్క సగానికి అరిగిపోయింది.

రాజుగారు టార్చి ఆపేశారు.

చీకట్లోంచి ఆయన గొంతు వచ్చింది. "అన్నవరంలో... నువ్వు ప్రసాదానికి వెళ్లినప్పుడు నేనే కట్టించా."

"దెయ్యానికాండి?"

"దెయ్యమంటే ఎవడికిరా భయం! నీ తోలుడికి!" అని, గొంతు బాగా తగ్గించి, "ఇంట్లో చెప్పకు. తాళాలు నీ దగ్గరే ఉంచుకో," అన్నారు.

"ఆయ్!" అన్నాడు అబ్బులు. ఆ చీకట్లో వాడికి పండగొచ్చినట్టయింది.

కారు కిక్కురుమనకుండా వంతెన ఎక్కింది. ముందు సీట్లో చిట్టియ్య రుమాలు విప్పి లెక్కపెడుతున్నాడు.

"నీవి ఎన్నిరా?"

"ఏడు మావా."

"రాజుగారిది ఒకటి. ఎనిమిది..." చిట్టియ్య ఇంకోటి పైకెత్తాడు. "మరి ఈ తొమ్మిదోది?"

పసుపు కొమ్ము కట్టిన నూలుతాడు. ఇంజను సెగకి మిగతావన్నీ ఇంకా చెయ్యి కాలుస్తున్నాయి. ఇది మాత్రం చల్లగా ఉంది. నాచు వాసన. కొసనించి టప్... టప్... మని నీళ్లు కారుతున్నాయి.

"నాది కాదు మావా..."

"నాదీ కాదురా," అన్నారు వెనకనించి రాజుగారు.

సరిగ్గా అప్పుడే మలుపులో గొయ్యి. అబ్బులు ఎడమ కాలు లేచి బ్రేకు మీద పడింది. కారు నిలువునా ఆగింది. రాజుగారు ముందు సీటుని కావలించుకున్నారు.

ఆయన పక్కన... ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. వెనక తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా అబ్బులు కారు ఎక్కడా ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే అబ్బులు బానెట్ ఎత్తి, ఆ పసుపు తాడుని మళ్లీ కట్టాడు, బెల్టుకి జానెడు దూరంగా. టార్చి పట్టుకున్నది రాజుగారే.

"గట్టిగా కట్టరా," అన్నారాయన. "పాపం, రోజూ ఎక్కే మనిషి. నీ చేతుల్లో ఆవిడ ప్రాణానికి ఏం భరోసా?"