తనంతట తానే మానే రోడ్డు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. గుండంపాడు ఘాట్ రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా లారీ నడుపుతున్నవాణ్ణి. ఆరో మలుపులో బ్రేకులు పోతే నలభై టన్నుల బండిని ఎడమకాలు ఆనించి ఆపినవాణ్ణి. నాకు అబద్ధాలతో పనేంటి?

ఒకరోజు అదే మలుపులో డాక్టర్ నీలవేణి అనే శాస్త్రవేత్త కొత్త రోడ్డుకు గుంత కొట్టించి, వాచీ చూసుకుంటూ నిలబడింది. తారులో ఆవిడ ఒక బాక్టీరియా కలిపింది. రోడ్డు పగిలితే అది మేల్కొంటుంది, సున్నం లాంటి జిగురు వదులుతుంది, మధ్యాహ్నానికి గుంత పూడిపోతుంది. లోతెంతో చూద్దామని నేను కాలు పెట్టాను. నా బూటు ఇప్పటికీ అందులోనే ఉంది.

ఏడాది తిరిగేసరికి కొండమీది టమాటా గతుకులకు రసం కాకుండా కాయలాగే మార్కెట్ చేరింది. రైతుల ఇళ్లకు స్లాబులు పడ్డాయి. ఆడవాళ్లు బస్సెక్కి కింద ఫ్యాక్టరీ పనికి వెళ్లొస్తున్నారు. ఆరో మలుపులో పంక్చర్ షాపు నడిపే మస్తాన్ వలీ ఇంట్లో మాత్రం పొయ్యి ఆరింది. గుంత లేదు, ఆగే లారీ లేదు. బెంగుళూరులో వాచ్‌మన్‌గా చేరతానని మూట కట్టి, దారిలో కనబడిన డాక్టరమ్మతో ఒక్కమాట అన్నాడు.

"మేడమ్, మీ రోడ్డు ఇందరికి అన్నం పెట్టింది. దాని పక్కనే కూర్చున్న నన్ను మరిచిపోయింది."



అతను బస్సు కోసం నిలబడ్డాడో లేదో వాన మొదలైంది. వారం పాటు బస్సుల్లేవు. రోడ్డు పగిలింది, మానలేదు. ఏడాదిగా గాయమే లేక బాక్టీరియా గాఢనిద్రలోకి పోయిందట. వారానికోసారైనా ఎవరో ఒకరు రోడ్డును పొడుస్తూ ఉండాలి. పాత గుంతలు ఎక్కడెక్కడ పడేవో, ఎంత లోతో కంఠతా వచ్చినవాడు ఆ కొండమీద ఒక్కడే. వాన వెలిశాక డాక్టరమ్మ నా ముందే అతన్ని అడిగింది.

"గుంతలు తవ్వే ఉద్యోగం మస్తాన్ గారూ, చేస్తారా? ప్రభుత్వ జీతం, పెన్షన్."

అతను నా వైపు చూశాడు. "ఈ పెద్దాయన ఇరవై ఏళ్లు తిట్టాడు మేడమ్, బేరం కోసం గుంతలు నేనే తవ్వుతున్నానని. అల్లా సాక్షిగా ఒక్కటీ తవ్వలేదు. ఇక ఆయన మాట నిలబెడతాను."

ఉద్యోగి వ్యాపారం చేయకూడదు కనుక షాపు ఇప్పుడు భార్య హసీనా నడుపుతోంది. పొద్దున ఆయన తవ్వుతాడు, మధ్యాహ్నానికి రోడ్డు మానుతుంది, ఆ నడుమ ఆమెకు ఊపిరాడదు. మొన్న నా లారీకే పది టైర్లలో ఎనిమిది పోయాయి. మిగిలిన రెండింటి మీద కొండ దిగాను.

సాక్ష్యం కావాలా? ఆరో మలుపులో ఆగండి. మీరు ఆగకపోయినా బండి ఆగుతుంది. గడ్డపార పట్టుకున్న సర్కారు ఉద్యోగిని అడగండి. పేరు షేక్ మస్తాన్ వలీ.